తోలు, తీగ, గిటారు: భద్రాచలం అడవి అంచున శ్రుతి చరిత్ర

శ్రుతి అనే మాటకు తెలుగులో మూడు అర్థాలు వాడుకలో ఉన్నాయి. శాస్త్రగ్రంథాలలో అది చెవి గుర్తుపట్టగలిగిన అతి సూక్ష్మమైన స్వరభేదం. ఒక స్థాయిలో అటువంటివి 22 ఉన్నాయన్నది ప్రాచీనుల లెక్క. పాటకచేరీలో అది గాయకుడు తన గొంతుకు అనువుగా ఎంచుకొన్న ఆధారషడ్జమం. వాద్యం చేతబట్టినవారికి మాత్రం శ్రుతి ఒక పని, అంటే తీగను బిగించో సడలించో, తోలుకు సెగ చూపించో, వాద్యాన్ని ఆ ఆధారధ్వనికి కలపడం. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో భద్రాచలంలోనో కొత్తగా గిటారు కొనుక్కొన్న విద్యార్థికి మొదటిరోజు ఎదురయ్యేది ఈ మూడవ అర్థమే. ఆరు తీగలను వాటి వాటి స్థానాలలో నిలబెట్టడం చేతకానిదే తరువాతి పాఠం ఏదీ ముందుకు సాగదు. అయితే ఈ పని ఆ ప్రాంతానికి గిటారుతోపాటు దిగుమతి అయినది కాదు. అడవి అంచు పల్లెలలోనూ గోదావరి ఒడ్డు గుడిలోనూ శ్రుతి కలపడానికి చాలా పాత పద్ధతులు ఉన్నాయి, వాటిలో ఆధారం ఆ పూట పాడబోయే మనిషి గొంతు. ఆ ఆధారం గొంతును విడిచి లోహపు రేకులోకి, అక్కడినుంచి ఒక అంకెలోకి ఎలా మారిందన్నదే ఈ ప్రాంతపు శ్రుతి చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

ఈ సీమ సరిహద్దులు కూడా పలుమార్లు మారాయి. భద్రాచలం తాలూకా 1874 వరకు మధ్యపరగణాలలో ఉండి, తరువాత మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు చేరింది, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో దాని చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా, భద్రాచలం 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. పాలకుల లెక్కలు ఎలా మారినా శబరి, గోదావరి నదుల నడుమ అడవికి ఉత్తరాన బస్తరు, పడమట తెలంగాణ మైదానం, దిగువన కోస్తా ఉండడం వల్ల వాద్యాలు, వాటితోపాటు వాటిని శ్రుతి చేసే విద్యలు ఈ మూడు దారుల వెంటా ఇక్కడికి వచ్చి నిలిచాయి.

అన్నిటికన్న పాతది తోలు శ్రుతి. కోయల కొమ్ము నృత్యంలో పురుషులు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు అమర్చిన తలపాగాలు ధరించి, మెడకు వేలాడే పొడవాటి డోళ్ళను వాయిస్తూ అడుగు వేస్తారు. కోయల వంశకథలను, ఇలవేల్పుల చరిత్రలను బొమ్మలు వేసిన పడిగె గుడ్డల ముందు నిలిచి పాడే గాయకులను డోలీలంటారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ పరంపరలోనివారు. కంచుమేళం, కంచుతాళం వాద్యాలతో సమ్మక్క సారలమ్మ కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన ఆయనకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది, 2024 జూన్‌లో ఆయన మరణించారు. ఇటువంటి గాయకుల విద్యలో శ్రుతి అనేది విడిగా ఒక పాఠంగా ఉండదు. పెద్దల పక్కన కూర్చొని, వారి గొంతు ఎక్కడ ఆగుతుందో, తోలు ఎక్కడ మోగితే ఆ గొంతుకు అడ్డం రాకుండా ఉంటుందో ఏళ్ళ తరబడి వినడమే ఇక్కడి అభ్యాసం.

తోలు శ్రుతి చేసే విధానం చూడడానికి సులువుగా ఉన్నా, అందులో చెవి పని చాలా ఉంది. గాలిలోని తేమను పీల్చుకొన్న తోలు సడలి, దెబ్బ వేసినప్పుడు మొద్దుగా పలుకుతుంది. గోదావరి మీదుగా మంచు దిగే మార్గశిర, పుష్య మాసాలలోనూ, వానాకాలపు రాత్రులలోనూ ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అందుకే మైదానంలోని డప్పు కళాకారులు ఆట మొదలుపెట్టే ముందు గడ్డి మంట వేసి డప్పును దాని సెగకు తిప్పి తిప్పి పడతారు. సెగకు తేమ ఆరి తోలు బిగుసుకొనే కొద్దీ ధ్వని పైకి ఎక్కుతుంది. వేలితో తట్టి చూసి, ఇంకా కాగాలా చాలా అన్నది నిర్ణయించేవారు మంటను చూడరు, చెవిని తోలుకు దగ్గరగా పెడతారు. ఒక్క క్షణం ఎక్కువైతే తోలు పగులుతుంది, తక్కువైతే రెండు దరువులలోనే మళ్ళీ దిగిపోతుంది. ఈ విద్యలో అంకె లేదు, కొలపాత్ర లేదు. అయినా దీనిని శాస్త్రం కాదనడం తగదు, ఎందుకంటే కారణం, ఫలితం రెండూ తెలిసి, ప్రతిసారీ ఒకే ఫలితాన్ని రాబట్టగలిగిన పని ఇది.

తీగ శ్రుతి ఈ ప్రాంతంలో భద్రాచల రామదాసు పేరుతో ముడిపడి ఉంది. ఖమ్మం సమీపంలోని నేలకొండపల్లిలో 17వ శతాబ్దంలో పుట్టిన కంచర్ల గోపన్న, గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానాషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా పనిచేసి, భద్రగిరిపై ఆలయాన్ని కట్టించి, ఆ వ్యయం విషయంలో గోల్కొండలో చెరసాల పాలయ్యాడు. తానాషా కొలువులోని అక్కన్న, మాదన్నలు ఆయన మేనమామలు. ఆయన కీర్తనలు గ్రంథస్థం కావడానికి చాలాముందే భజనగోష్ఠుల ద్వారా ఊరూరా తిరిగాయి. వాటిని మోసుకుపోయినవారి చేతుల్లో ఉన్నవి తంబుర, చిడతలే. గుంటూరునుంచి వచ్చి భద్రాచలంలో స్థిరపడి ఆలయ సేవలను క్రమబద్ధం చేసిన తూము నరసింహదాసు (1790–1833) కాలానికి ఈ భజన సంప్రదాయం బలంగా వేళ్ళూనింది. తంజావూరు సీమలో త్యాగరాజు తన కీర్తనలలో రామదాసును తలచుకోవడం ఆ పాటలు ఎంత దూరం ప్రయాణించాయో తెలుపుతుంది. స్వరలిపి లేకుండా ప్రయాణించిన పాట రాగం మార్చుకోవచ్చు, నడక మార్చుకోవచ్చు. ఒకే రామదాసు కీర్తన వేర్వేరు ఊళ్ళలో వేర్వేరు రాగాలలో వినిపించడానికి కారణం ఇదే. మారకుండా నిలిచినది పాట వెనుక మోగే తంబుర ఒక్కటే. ఈ కారణంచేత భజన చరిత్రను రాసేవారు సాహిత్యానికి ఇచ్చినంత చోటు తంబురకు కూడా ఇవ్వడం అవసరం.

తంబుర నిర్మాణాన్ని కొంత దగ్గరగా చూస్తే గానీ దానిని శ్రుతి చేయడంలోని సూక్ష్మం బోధపడదు. పనసకర్రతో తొలిచిన గుండ్రని భాగాన్ని కుండ అనీ, పైకి సాగిన పొడవాటి భాగాన్ని దండి అనీ, తీగలను చుట్టే చెక్కమేకులను బిరడలు అనీ అంటారు. వీణలు, తంబురలు చేసే పనివారికి ఆంధ్రదేశంలో బొబ్బిలి, నూజివీడు పేరుపొందిన చోట్లు. వీటిలో నూజివీడు ఖమ్మం జిల్లా దక్షిణపు అంచుకు చేరువలోనే ఉంది. కచేరీ తంబురకు నాలుగు తీగలుంటాయి. మొదటిది పంచమం, నడుమ రెండూ సారణి, అనుసారణి అనే షడ్జమాలు, చివరిది మంద్రషడ్జమం. కొత్తగా నేర్చుకొనేవారు ముందుగా సారణిని గాయకుడి గొంతుకు కలిపి, తరువాత అనుసారణిని సారణికి కలుపుతారు. ఈ రెండు తీగలూ ఒకటే ధ్వని పలకవలసి ఉండగా వాటి మధ్య చిన్న తేడా ఉంటే, ఆ జంటధ్వని పెరుగుతూ తరుగుతూ అలలాగా ఊగుతుంది. భౌతికశాస్త్రంలో ఈ ఊగును విస్పందనాలు అంటారు. రెండు తీగల కంపనాల మధ్య సెకనుకు రెండు తేడా ఉంటే సెకనుకు రెండు ఊగులు వినబడతాయి, తేడా తగ్గేకొద్దీ ఊగు నెమ్మదించి, పూర్తిగా కలిసినప్పుడు ఆగిపోతుంది. భౌతికశాస్త్రం పేరు వినని భజనపరులు కూడా ఈ ఊగు ఆగే క్షణాన్నే శ్రుతి కలిసిందని గుర్తించేవారు.

బిరడ తిప్పడం మోటు పని. చెక్కలో చెక్క రాపిడితో నిలిచే మేకు గనుక అది కావలసినంత మేరకే తిరగకుండా ఒక్కసారి జారి దూరం పోతుంది. సన్నపు సవరణ కోసం తీగ కింది భాగంలో పూసలు ఉంటాయి, వాటిని వెంట్రుకవాసి కిందికి జరిపితే ధ్వని ఆ మేరకు ఎక్కుతుంది, పైకి జరిపితే దిగుతుంది. ఇంతా చేసిన తరువాత కూడా తంబుర బోసిగా, పొడిగా పలకవచ్చు. అప్పుడు తీగకూ, అది ఆనే వంపు వంతెనకూ మధ్య చిన్న నూలుపోగును దూర్చి, ముందుకూ వెనుకకూ జరుపుతూ ఒక్కచోట ఆపుతారు. ఈ పోగును జీవాళి అంటారు. జీవాళి సరైన చోట కుదిరిన వెంటనే తీగలోని అంతర్లీన ధ్వనులు విచ్చుకొని, ఎవరూ మీటని అంతరగాంధారం మంద్రషడ్జమంలోనుంచి తనంతట తానే వినబడుతుంది. ఈ గాంధారాన్ని స్వయంభూ గాంధారమంటారు. దాని స్థాయిలోని షడ్జమం నాలుగుసార్లు కంపించే కాలంలో అది ఐదుసార్లు కంపిస్తుంది. ఈ 5:4 నిష్పత్తిని ఇక్కడ గుర్తు పెట్టుకోవడం అవసరం, ఎందుకంటే గిటారు విద్యార్థికి తరువాత ఇదే చిక్కు తెచ్చిపెడుతుంది.

బుర్రకథ తంబురకు ఇంత సూక్ష్మం లేదు. భుజాన ఆనించుకొని, అడుగు వేస్తూ, బొటనవేలి అందెతో తాళం కొడుతూ కథ చెప్పే కథకుడికి అది శ్రుతికన్న లయకే ఎక్కువగా ఉపయోగపడింది. 1945లో ఖమ్మంలో ఆంధ్రమహాసభ 12వ మహాసభ జరిగిన కాలంలోనూ, తరువాతి తెలంగాణ సాయుధపోరాట కాలంలోనూ ప్రజానాట్యమండలి ప్రచారానికి ఈ కళారూపమే పెద్ద దిక్కయింది.

శ్రుతికి అంకెలు వచ్చింది హార్మోనియంతో. 1840ల తొలినాళ్ళలో పారిస్‌లో రూపొందిన ఈ వాద్యాన్ని 1870లలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చొని చేత్తో తిత్తి ఊదే విధంగా మార్చారు. నైజాము రైలుమార్గం 1888 నాటికి సింగరేణి బొగ్గుగనుల వద్దకు, 1889లో బెజవాడకు చేరడంతో ఖమ్మం ప్రాంతం ఒకవైపు హైదరాబాదుతోనూ మరొకవైపు కోస్తా నాటకరంగంతోనూ కలిసింది. 1885లో మొదలైన సురభి నాటక సమాజం మొదలు తెలుగు నాటకానికి ఆయువుపట్టు పద్యం, పద్యానికి ఆయువుపట్టు హార్మోనియం. దాని మెట్లకు తెలుగు, తమిళ దేశాలలో ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర అంటూ లెక్క ఏర్పడింది. తెల్లమెట్లు పూర్ణాంకాలు, నల్లమెట్లు అరలు. పాశ్చాత్యులు సి అని పిలిచే స్వరం ఒకటి శ్రుతి, డి రెండు, ఇ మూడు, ఎఫ్ నాలుగు, జి ఐదు, ఎ ఆరు, బి ఏడు. ఫలానా నటుడు నాలుగు శ్రుతిలో పద్యం ఎత్తుకొంటాడనీ, ఫలానా ఆయన ఐదులో కూడా రాగం తీస్తాడనీ ప్రేక్షకులు చెప్పుకోవడం అప్పటినుంచే. గొంతును వాద్యం అనుసరించే కాలం పోయి, ముందే కోసి పెట్టిన రేకుల్లో గొంతు తన చోటు వెతుక్కొనే కాలం వచ్చిందని ఈ వాడుకే చెబుతుంది. సంగీతజ్ఞులలో ఈ మార్పుపై వ్యతిరేకత లేకపోలేదు. గమకాన్ని పలికించలేదన్న కారణంతో ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని దూరంగా ఉంచింది. పల్లె భజనమందిరాలు మాత్రం దానిని వదలలేదు. తేమకు చెదరని, తిప్పడానికి బిరడలు లేని వాద్యాన్ని వారు కాదనుకోవడానికి కారణం కనబడదు.

అదే కాలంలో మరో దారి గోదావరి వెంట తెరుచుకొంది. ఎగువ గోదావరిని పడవలకు అనువుగా మార్చే పనులను చూస్తున్న ఇంజనీరు హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది. అక్కడ దీర్ఘకాలం పనిచేసిన జాన్ కెయిన్ 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాసిన వ్యాసాలు ఈ ప్రాంతచరిత్రకు నేటికీ ఆధారాలు. 1912లో డోర్నకల్లు కేంద్రంగా ఏర్పడిన అధ్యక్షమండలానికి వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. ఆరాధన దేశీయ రూపంలో ఉండాలని ఆయన పట్టుబట్టారు. దానికి తగిన పాటలు తెలుగులో అప్పటికే ఉన్నాయి. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాసిన క్రైస్తవ కీర్తనలకు రాగతాళాలు నిర్దేశించి ఉండేవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇప్పటికీ ఆ రాగతాళాలను ముద్రిస్తూనే ఉంది. అంటే గిటారు వచ్చేనాటికి ఈ చర్చిలలో పాడుతున్నది కూడా ఒకే ఆధారషడ్జమం మీద నడిచే కీర్తనే. గిటారు ప్రార్థనా మందిరాల యువజన బృందాల ద్వారానూ, కళాశాల వేదికల ద్వారానూ, సినిమా పాట ద్వారానూ చాలా ఆలస్యంగా వచ్చి, స్వరసమూహాలను ఒకేసారి మీటే పద్ధతిని, అంటే కార్డులను, ఈ కీర్తనల కిందికి చేర్చింది.

ఐరోపా వాద్యాన్ని దక్షిణాది తన శ్రుతికి మార్చుకొన్న ఉదాహరణలు అంతకుముందు లేకపోలేదు. 19వ శతాబ్దంలో బాలుస్వామి దీక్షితులు వాయులీనాన్ని స్వీకరించిన తరువాత కర్ణాటక విద్వాంసులు దాని నాలుగు తీగలను షడ్జమ, పంచమ, షడ్జమ, పంచమాలుగా కలపడం మొదలైంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) జంటతీగల మాండలిన్‌ను ఐదు ఒంటితీగల విద్యుత్ వాద్యంగా మార్చుకొన్నాడు. మెట్లులేని వాయులీనంలో వేలు ఎక్కడైనా నిలవగలదు గనుక ఏ సవరణ అయినా వేలే చేసుకొంటుంది. కార్డుల కోసం వచ్చిన గిటారుకు ఆ వెసులుబాటు లేదు, దాని మెట్లు ఫ్యాక్టరీలోనే కోసినవి.

గిటారు ఆరు తీగలను మందమైన తీగనుంచి సన్నతీగ వరకు హార్మోనియం లెక్కలో చెబితే మూడు, ఆరు, రెండు, ఐదు, ఏడు, మూడు అవుతాయి. స్వరాల లెక్కలో చెబితే, ప్రతి తీగనూ షడ్జమం అనుకొంటే దాని తరువాతి తీగ శుద్ధమధ్యమం. సన్నతీగను మొదటిదిగా లెక్కిస్తే, ఒక్క మూడవ తీగకూ రెండవ తీగకూ మధ్య మాత్రం అది అంతరగాంధారం. అందుకే మొదటి పాఠంలో ఐదవ మెట్టు మీద వేలు నొక్కి పై తీగతో కలపమని చెబుతారు. మూడవ తీగ వద్ద మాత్రం అదే వేలు నాలుగవ మెట్టుకు దిగుతుంది. ఇక్కడ వినవలసినది తంబుర సారణి, అనుసారణుల వద్ద విన్న ఆ ఊగునే. ఊగు నిలిచేవరకు కీని నెమ్మదిగా తిప్పాలి, ధ్వని హద్దు దాటితే కిందికి సడలించి మళ్ళీ కిందినుంచి పైకి రావాలి, ఎందుకంటే సడలించి ఆపిన తీగ పళ్ళచక్రంలోని వదులువల్ల కాసేపటికి ఇంకా దిగుతుంది.

చిక్కు ఎదురయ్యేది భజనలో చెవి తయారైన విద్యార్థికి. అతడు మెట్టు నొక్కకుండా, తీగకూ తీగకూ మధ్య స్వరాన్ని పాడుకొని కలుపుతాడు. మూడవ తీగ సెకనుకు 196 సార్లు కంపిస్తుంది. తంబుర నేర్పిన గాంధారం ప్రకారం, అంటే 5:4 నిష్పత్తి ప్రకారం, రెండవ తీగ 245 వద్ద హాయిగా నిలుస్తుంది. గిటారు మెట్లు మాత్రం ఒక స్థాయిని 12 సమానభాగాలు చేసి కోసినవి, వాటి లెక్కలో ఆ తీగ ఉండవలసినది దాదాపు 247 వద్ద. అన్ని తీగలనూ అలా చెవికి ఇంపుగా కలుపుకొంటూ పోయినవారికి మొదటి తీగ 330కి చేరువలో ఉండవలసింది పోయి 327 కూడా దాటదు. అప్పుడు ఒక కార్డు తేనెలా పలికి, పక్క కార్డు కరకరలాడుతుంది. విద్యార్థి తన చెవి మంచిది కాదని కుంగిపోవడం ఇక్కడే జరుగుతుంది. నిజానికి తప్పు చెవిది కాదు. ఆ చెవి తీగలోనుంచి పుట్టిన గాంధారాన్ని విన్నది, గిటారు ఏ కార్డుకూ పూర్తి న్యాయం చేయక, ఏ కార్డుకూ పెద్ద అన్యాయం చేయక అన్నిటికీ సర్దుబాటు చేసిన గాంధారాన్ని అడుగుతోంది. ఈ ఒక్క సంగతిని మొదటిరోజే చెప్పే గురువు విద్యార్థికి ఏడాది కాలాన్ని మిగులుస్తాడు.

ఇప్పుడు గిటారు తలకు తగిలించే చిన్న ట్యూనరు, ఫోనులోని ట్యూనరు ఈ సర్దుబాటును ముల్లుతో చూపిస్తున్నాయి. అవి అనుసరించే కొలత, అంటే ఎ స్వరానికి సెకనుకు 440 కంపనాలు అన్నది, 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో కుదిరిన అంకె. అడవి అంచు గూడెంలోని ప్రార్థనకూ, చెన్నపట్నంలోని స్టూడియోకూ ఒకే అంకె కావడం వల్ల ఎక్కడి గిటారైనా ఎక్కడి కీబోర్డుతోనైనా కలుస్తుంది. ఈ లాభం చిన్నది కాదు. కాకపోతే ముల్లునే చూసే విద్యార్థి ఊగు ఆగే క్షణాన్ని వినడం మానేస్తాడు, బ్యాటరీ అయిపోయిన రోజున అతనికి ఆధారమే ఉండదు. ఒక్క తీగను మాత్రం ట్యూనరుతో కలిపి, మిగిలిన ఐదింటినీ మెట్టు నొక్కి, ఊగును విని కలిపించడం మేలైన పద్ధతి.

ట్యూనరు చూపలేనిది ఇక్కడి వాతావరణం. మే నెలలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, భద్రాచలం ఎండకు ఉక్కుతీగ సాగి ధ్వని దిగుతుంది, వానాకాలంలో చెక్క తేమకు ఉబ్బి తీగను లాగడంతో ధ్వని ఎక్కుతుంది. తోలు తీరు దీనికి సరిగ్గా తలకిందులు. సెగకు అది ఎక్కుతుంది, తేమకు దిగుతుంది. ఒకే మంట దగ్గర డోలునూ గిటారునూ పక్కపక్కన పెడితే ఒకటి పైకీ ఒకటి కిందికీ నడుస్తాయి. ఈ కారణంచేత రెండూ కలిసి మోగే చోట ముందుగా డోలునే కాచుకొని, దాని పలుకు నిలిచిన తరువాత, మంటకు పది అడుగుల దూరాన కూర్చొని గిటారును చివర కలుపుకోవలసి ఉంటుంది.